నాలుగు గంటల గడి

వీధిలో వాళ్ళు ఆమెకి పెట్టిన పేరు గీతలమ్మ. పొద్దున లేస్తే గీతలు గీస్తుంది. ఆమె గీత గీసిన చోట కొత్త గోడైనా లేస్తుంది, ఉన్న గోడైనా పడుతుంది. ఆ పేరులో గౌరవం ఎంతో, భయం ఎంతో, వెటకారం ఎంతో ఎవరూ విడదీసి చూడలేదు. అసలు పేరు మాత్రం అందరూ మర్చిపోయారు.

ఆమె పని నాలుగు పాత వీధుల్ని కలిపి ఒక కొత్త పేటగా మార్చడం. కింద కొట్లు, పైన ఇళ్ళు, మధ్యలో అందరికీ ఒకటే పెరడు. డాబాల మీద ఎండతో కరెంటు, నేల కింద వాననీళ్ళ తొట్టి, కార్లన్నీ పేట బయటే. బడి, మందుల షాపు, కూరగాయలు, బట్టలు కుట్టే మనిషి, ఏది కావాలన్నా గుమ్మం దిగి ఐదు నిమిషాలు నడిస్తే చాలు. కాగితం మీద అంత చక్కని పేట ఇంకోటి లేదు. కాగితం మీద ఎవరికీ జబ్బు చెయ్యదు, ఎవరి పిల్లా బడి గేటు దగ్గర ఎదురు చూడదు.

ఆఫీసు మధ్యలో పెద్ద బల్ల మీద ఆ పేటంతా అట్టముక్కలతో కట్టి పెట్టారు. వేలెడంత చెట్లు, గోరంత మనుషులు. ఇరవై రెండో కొట్టు ముందు గోరంత ఆడమనిషి ఒకతె చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఆ రెండు బొమ్మల్నీ గీతలమ్మే పట్టకారుతో పట్టుకుని, జిగురు రాసి నిలబెట్టింది. ఆఫీసు యజమాని పెద్దసారు, చూడవచ్చిన ప్రతివాళ్ళనీ అక్కడికే తీసుకొచ్చేవాడు.

"చూశారా, పిల్లని బడి నుంచి తెచ్చుకోవడానికి ఐదే నిమిషాలు. మా పేటంటే ఇదీ!" అనేవాడు. ఆ పెద్దమనుషులు వంగి చూసి "అబ్బో" అనేవాళ్ళు.

ఆ నాలుగు వీధుల్లో మూడోదాంట్లో, చెప్పులు కుట్టే తాత కొట్టు పక్కన, ఒక టైలరు కొట్టుంది. అందులో మిషను ముందు కూర్చునే ఆవిడ గీతలమ్మకి సొంత అక్క. ఒక తల్లి కడుపున పుట్టిన అక్క. ఈ సంగతి వీధిలో ఒక్కరికీ తెలియదు.

తండ్రి పోయేనాటికి అక్కకి పంతొమ్మిది, చెల్లెలికి తొమ్మిది. తల్లి అంతకు ముందే పోయింది. అక్క మిషను తొక్కింది, చెల్లెలు చదువుకుంది, అంతే కథ. దాన్ని త్యాగమని ఎవరైనా అంటే అక్క కత్తెర తీసుకుని వెంటపడేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్క నోటి లెక్కన చూస్తే ఆ ఊరు ఎంత చెడ్డదై ఉండాలో! "ఈ ప్యాంటు కాదయ్యా, ముందు ఆ పొట్ట తగ్గించుకుని రా" అని గిరాకీ మొహం మీదే అనేది. అయినా జనం వచ్చేవాళ్ళు. ఆవిడ వేసిన జిప్పు మళ్ళీ ఊడదు.

పేట పని గీతలమ్మ చేతికొచ్చిన రోజున పెద్దసారు ఒక కాగితం ముందు పెట్టాడు. ఈ నాలుగు వీధుల్లో నాకు చుట్టాలెవరూ లేరు అని అందులో ఉంది. "చుట్టాలుంటే చెప్పమ్మా, తప్పేం లేదు. పని ఇంకొకళ్ళకి ఇస్తాను" అన్నాడు. ఆమె ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది.

అక్క కళ్ళజోడు సవరించుకుని చదివింది. "పెట్టెయ్. సంతకమేగా, పచ్చబొట్టు కాదుగా! నాకేం, రేపటి నుంచి మేడమ్ అంటాను."

అన్నట్టుగానే అంది కూడా. గీతలమ్మ కొలతల కోసం వీధిలోకి వచ్చినప్పుడల్లా అక్క గుమ్మంలో నిలబడి "నమస్కారం మేడమ్, ఎండగా ఉంది, లోపలికొచ్చి కాసిని మంచినీళ్ళు తాగండి" అనేది. లోపలికి వెళ్ళాక ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులో ఒకళ్ళకి ఆట, ఇంకొకళ్ళకి ఉద్యోగం.

ఇళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, అందరికీ పైన తలా ఒకటి వస్తుంది. చిక్కల్లా కొట్లతోనే. ఉన్నవి నలభై ఒకటి. కొత్త పేటలో కింది అంతస్తు పట్టేది ఇరవై ఎనిమిది. ఎవరుండాలి, ఎవరు పోవాలి? చీట్లు వేద్దామన్నాడు పెద్దసారు. గీతలమ్మ ఒప్పుకోలేదు.

"వీధికి కళ్ళుండాలి సార్. మూసిన షట్టరు గుడ్డికన్ను లాంటిది. ఏ కొట్టు ఎప్పుడు తెరిచి ఉంటుందో ఏడు రోజులు చూద్దాం. తెరిచుండే కొట్టుకే చోటు" అంది.

ఆ పద్ధతంతా ఆమె సొంత బుర్రలోదే. ఒక వారం పాటు, రోజుకి నాలుగుసార్లు, ఇద్దరు మనుషులు వీధుల వెంట నడిచి చూస్తారు. పొద్దున తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు, ఏడు. కొట్టు తెరిచి ఉంటే గడిలో టిక్కు, మూసి ఉంటే సున్నా. ఒకే వేళకి మూడు సున్నాలు పడితే ఆ కొట్టు జాబితాలోంచి ఊడుతుంది. ఎవరికీ ముందుగా చెప్పకూడదు.

పెద్దసారు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "చివర్లో కారణం అని ఒక గడి పెడదామా?"

"వద్దు సార్. గడి పెడితే ప్రతివాళ్ళకీ ఒక కథ ఉంటుంది."

పెద్దసారు మురిసిపోయాడు. తన దగ్గర ఇన్నేళ్ళలో ఇంత గట్టి గుండె ఉన్న మనిషి పనిచెయ్యలేదన్నాడు. గీతలమ్మ ఆ వారం సంగతి అక్కకి కూడా చెప్పలేదు. చెప్పనందుకు తనని తనే మెచ్చుకుంది. మన నిజాయితీ ఎదుటివాళ్ళ కొంప ముంచుతున్నప్పుడు మనకి అది ఎంతో అందంగా కనిపిస్తుంది.

ఆ సరికే ఇంకో ఏర్పాటు నడుస్తూ ఉంది. గీతలమ్మ భర్తకి వేరే ఊళ్ళో పని, శని ఆదివారాలే ఇంటికొస్తాడు. ఆరేళ్ళ కూతురు చిట్టిని బడి నుంచి ఆమే తెచ్చుకునేది. డ్రాయింగులు మీద పడేసరికి అది కుదరడం మానేసింది.

"రెండు నెలలే అక్కా, డ్రాయింగులయ్యేదాకా" అంది అక్కతో.

"రెండేం, పది నెలలు తెస్తాను. నా కొట్టుకి అదొక్కటే అందమైన గిరాకీ."

బడి నుంచి పిల్లని తీసుకురావాలంటే కార్డు ఉండాలి. ఒక్కటే కార్డు. ఆ మధ్య ఎక్కడో ఎవరో తల్లినని చెప్పి పిల్లని ఎత్తుకుపోయారన్న వార్త చదివిన గీతలమ్మ, బడికి ఒక ఉత్తరం కూడా రాసింది. ఈ కార్డు తెచ్చినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ మా పాపని ఇవ్వద్దు, ఎవరైనా వచ్చి తల్లినని చెప్పినా సరే ఇవ్వద్దు. ఆఖరి ముక్క కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసింది. గీతలు గీసే చెయ్యి ఊరుకోదు.

కార్డు అక్క మెళ్ళోకి వెళ్ళింది, కొలతల టేపు పక్కన. రోజూ నాలుగింటికి ఇరవై నిమిషాల ముందు అక్క షట్టరు దించేది, పది నిమిషాలు నడిచి బడికి వెళ్ళేది, గేటు పుస్తకంలో సంతకం పెట్టేది, పిల్ల కబుర్లు చెప్పుకుంటూ అడుగులో అడుగేసుకుని నడుస్తుంది కాబట్టి తిరిగొచ్చేసరికి నాలుగున్నర అయ్యేది. అక్కడి నుంచి రాత్రి భోజనం వేళ దాకా చిట్టి గుడ్డముక్కల మధ్య కూర్చుని బొమ్మలు గీసుకునేది. ఎవరి పిల్ల అని వీధిలో అడిగితే "మా చెల్లెలి కూతురు. అది ఆఫీసులో పేద్ద ఉద్యోగం లెండి" అనేది అక్క.

వారం గడిచింది. గడులన్నీ నిండాయి. జాబితా తయారు చేసేటప్పుడు గీతలమ్మ పేర్లు చూడలేదు, కొట్ల నంబర్లే చూసింది. పేర్లు చూస్తే మనసు జారుతుందని ఆమె నమ్మకం. సరిగ్గా పదమూడు ఊడాయి. కొలిచి కుట్టినట్టు సరిపోయిందని పెద్దసారు చప్పట్లు కొట్టాడు. ఊడిన నంబర్ల జాబితా వీధి మొదట్లో అంటించారు.

మర్నాడు పొద్దున్నే చెప్పులు కుట్టే తాత ఆఫీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా ఆస్పత్రి చీటీలు. ఆయన భార్యకి మూత్రపిండాలు పనిచెయ్యవు. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం పూట మిషను మీద రక్తం కడిగించాలి, ఆయనే ఎత్తుకుని తీసుకెళ్ళాలి. పన్నెండు గంటల గడిలో మూడు సున్నాలు.

గీతలమ్మ కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"చీటీల మీద తేదీలున్నాయమ్మా. నువ్వే చూసుకో."

"నిజమే తాతా. కాని ఈ కాగితంలో కారణాలకి గడి లేదు."

తాత ఆ కాగితం తీసుకుని వేలితో ఒక్కో గడీ తడిమి చూశాడు. "ఏదో ఒకటి ఉంటుందిలే అమ్మా. ఎందులో పెట్టాలో చెబితే అందులోనే పెడతాను."

"లేదు తాతా. నీకొకటి, ఇంకొకళ్ళకి ఒకటి అంటే కుదరదు. రూలు అందరికీ ఒకటే."

తాత కవరు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. గుమ్మం దాటేముందు వంగి ఆమె చెప్పులు చూశాడు. "ఎడమకాలిది కుట్టు వదులుతోందమ్మా, చూసుకో" అని వెళ్ళిపోయాడు. ఆమెకి ఒక్క క్షణం కష్టంగా అనిపించింది. తర్వాత టీ వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఏమే, జాబితాలో నా నంబరు కూడా ఉందే?"

"ఉండదక్కా, సరిగ్గా చూసుకో."

"నేను గుడ్డలు కొలిచేదాన్నే. నంబరు చదవడం రాదనుకున్నావా?"

గీతలమ్మ బొత్తిలోంచి మూడో వీధి కాగితం లాగింది. తాత వరస కిందే అక్క వరస. పొద్దున అన్నీ టిక్కులు. పన్నెండింటికి టిక్కులు. ఏడింటికి టిక్కులు. నాలుగు గంటల గడుల్లో సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర వరసగా ఐదు సున్నాలు. శనివారం టిక్కు, ఆదివారం టిక్కు. బడి ఉన్న రోజున సున్నా, బడి లేని రోజున టిక్కు. ఆ కాగితం ఎవరికి చూపించినా ఏమీ అర్థం కాదు. చిట్టి తల్లికి మాత్రం అక్షరం అక్షరం అర్థమైంది.

ఆ సాయంత్రం అక్క చిట్టిని దింపడానికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పిల్లకి పాలు ఇచ్చింది.

"ఈ దిక్కుమాలిన రూలు ఎవడు పెట్టాడే?"

గీతలమ్మ గ్లాసు కడుగుతోంది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. "పైవాళ్ళు."

"వాడి చేతులు పడిపోను. పోనీలే, అర్జీ పెట్టుకోవచ్చన్నారుగా. నువ్వు రాయి. నీ రాత బాగుంటుంది."

గీతలమ్మ కాగితం తెచ్చుకుని కూర్చుంది. మొదటి నాలుగు వాక్యాలూ చకచకా వచ్చాయి. నాలుగు గంటలకి ఎందుకు మూశారన్న దగ్గర పెన్ను ఆగింది. "ఏమని రాద్దాం అక్కా?"

"బడికని రాస్తే ఎవరి పిల్లంటారు. పిల్ల పేరు పక్కన నీ పేరుంటుంది. నీ సంతకం సంగతి బయటికొస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. వద్దు." అక్క మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంది. "నిద్రపోయానని రాయి. యాభైకి దగ్గరపడ్డ మనిషి మధ్యాహ్నం కునుకు తీసిందంటే ఎవరైనా నమ్ముతారు."

గీతలమ్మకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ తేలికకి సిగ్గుపడాలని తెలుసు. కాని ముందు తేలిక వచ్చింది, సిగ్గు వెనకబడింది. "దానికి బలం ఉండదేమో అక్కా" అంది, అనాలి కాబట్టి.

"లోపల నువ్వున్నావుగా. ఆవిడ మంచిదే సార్ అని ఒక్క మాట అందించు. నీకు నేనెవరో చెప్పక్కర్లేదు. ఒక్క మాట చాలు."

"అలాగే" అంది గీతలమ్మ. నేను మధ్యాహ్నాలు నిద్రపోయాను అని గుండ్రటి అక్షరాలతో రాసింది. అక్క సంతకం పెట్టింది.

అర్జీలు విన్న రోజున ఆ బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. పెద్దసారు, నగర కార్యాలయం నుంచి వచ్చిన బట్టతల అధికారి, రాసుకోవడానికి గీతలమ్మ. ముందు తాత వచ్చాడు, చీటీలు పరిచాడు, మళ్ళీ ఏరుకుని వెళ్ళాడు. తర్వాత కొందరు వచ్చి తిట్టారు, ఇద్దరు ఏడ్చారు. మూడూ ఇరవైకి అక్క వచ్చింది.

ఉతికిన చీర కట్టుకుంది. టేపు మెళ్ళోనే ఉంది, బడి కార్డు మాత్రం జాకెట్లోకి తోసి దాచుకుంది. కుర్చీలో కూర్చోకుండా తిన్నగా అట్టబొమ్మల పేట దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "టైలరు కొట్టుకని చూపించిన ఇరవై రెండోది ఇదేనా సార్? వెలుతురు పెరట్లోంచి వస్తుంది, మంచిదే. కత్తిరింపు బల్ల ఈ గోడకి వేస్తాను." మెళ్ళోంచి టేపు తీసి వేలెడంత కొట్టుకి అడ్డంగా పెట్టి కొలవబోయింది.

"ముట్టుకోకమ్మా, ఊడిపోతాయి" అన్నాడు పెద్దసారు.

బట్టతల అధికారి అర్జీ చదివాడు. "నిద్రపోయారా? ఐదు రోజులూనా? మరి శని ఆదివారాలు నిద్ర రాలేదే?"

"ఆ రెండు రోజులూ బేరాలుంటాయి సార్. డబ్బు చప్పుడుకి మెలకువ వస్తుంది."

ముగ్గురూ నవ్వారు. అధికారి మరీ చెడ్డవాడేం కాదు. పొద్దుట్నుంచి పదిమందిని కాదని అలిసిపోయాడు, ఒక్కళ్ళకైనా సరే అనాలని ఉన్నట్టుంది. పెన్ను మూత తీసి ముందుకి వంగాడు. "చూడమ్మా, నిద్రంటే నేనేం చెయ్యలేను. ఇంకేదైనా కారణం ఉంటే చెప్పు. ఒంట్లో బాగాలేకనో, ఎవరి పిల్లనో బడి నుంచి తీసుకురావడానికో, ఏదో ఒకటి. నేను చూస్తాను."

అక్క చెల్లెలి వైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. చిన్నప్పుడు లెక్క చెప్పి, జవాబు కోసం చూసినట్టు చూసింది. "నేనేం చెప్పుకుంటాను సార్. మేడమ్ గారు వీధంతా తిరుగుతారు. నా సంగతి ఆవిడకి తెలియకపోదు."

పెద్దసారు ఇటు తిరిగాడు. "ఏమ్మా, నీకేమైనా తెలుసా?"

గేటు పుస్తకంలో ఐదు సంతకాలున్నాయి. ఒక్క ఫోనుతో తెప్పించవచ్చు. ఆ తర్వాత ఇంకో సంతకం కూడా బయటికొస్తుంది. ఆ తర్వాత పేట ఇంకొకళ్ళది అవుతుంది, తాత కవరు పట్టుకుని మళ్ళీ వస్తాడు, మీ వాళ్ళకైతే గడి ఉందా అంటాడు. గీతలమ్మ కాగితాల్లోకి చూస్తూ అంది. "లేదు సార్. మన రికార్డులో ఏమీ లేదు."

"అదీ! సొంత మనిషైనా సరే మా అమ్మాయి కరగదు" అన్నాడు పెద్దసారు గర్వంగా. "ఈ రూలు రాసిందే ఈవిడండీ. కారణాలకి గడి పెడదామని నేనంటే వద్దని పట్టుబట్టింది."

అక్క కాగితం మీదికి వంగి, తన వరసలో ఉన్న ఐదు గడుల్నీ చూసింది.

"మేడమ్ గారు రాశారా? నేనింకా పైవాళ్ళెవరో అనుకున్నాను." టేపు చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. "సున్నాలు గుండ్రంగా ఉన్నాయి మేడమ్. చిన్నప్పుడు ఎవరో బాగా దిద్దించినట్టున్నారు."

నిజానికి ఆ సున్నాలు వేసింది లెక్కకి తిరిగిన మనుషులు. గీతలమ్మ ఆ మాట చెప్పకుండా కాగితాల అంచులు సర్దింది.

అక్క గోడ గడియారం చూసింది. నాలుగింటికి ఇరవై నిమిషాలుంది. "వెళ్తాను సార్, వేళయింది."

"నిద్రవేళా?" అన్నాడు అధికారి.

పెద్దసారు పగలబడి నవ్వాడు. తను ఒక్కతే నవ్వకపోతే అనుమానం వస్తుందని గీతలమ్మ కూడా నవ్వింది. తలుపు వేసుకుంటున్న అక్క ఆ నవ్వు వింది. ఆ గదిలో నవ్వినవాళ్ళెవరికీ ఆవిడ ఎక్కడికి వెళుతోందో తెలియదు, ఒక్కళ్ళకి తప్ప. గీతలమ్మ తిరస్కరించడమైనది అని రాసి తేదీ వేసింది.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి అందరూ చెబుతారు. గీతలమ్మ అంతకంటే ముందుచూపు గల మనిషి. తగలేసిన తెప్పలో మిగిలిన కర్రలు వంటచెరుక్కి పనికొస్తాయేమోనని చూసింది.

ఆ సాయంత్రం అక్క చిట్టిని తీసుకొచ్చింది గాని లోపలికి రాలేదు. పిల్ల బ్యాగు గుమ్మంలో పెట్టింది. గీతలమ్మ దార్లో బోలెడు మాటలు కూర్చుకుని వచ్చింది. అవేవీ పైకి రాలేదు. వచ్చిన మాట ఇది.

"అక్కా, కోపం తెచ్చుకోకు. ఎలాగూ కొట్టు పోతోందిగా. కళ్ళు పొడుచుకుని ఇంకెన్నాళ్ళు కుడతావు? పొద్దున్నే ఇక్కడికి వచ్చేయ్. చిట్టిని చూసుకున్నట్టూ ఉంటుంది, నీకు కాలక్షేపమూ అవుతుంది. నేను నెలనెలా ఏదో ఒకటి ఇస్తాను."

అది మంచి ఉపాయమనే ఆమె మనసారా అనుకుంది. అందుకే ఆ మాట అంత దారుణంగా ఉంది.

అక్క వంగి చిట్టి జుట్టు సరిచేసింది. "ఏ గడిలో రాసుకుంటావు నన్ను? చుట్టాల్లోనా, పనివాళ్ళలోనా?"

"అదేం మాటక్కా!"

"ఊరికే అడిగాను మేడమ్" అని అక్క మెట్లు దిగిపోయింది. బడి కార్డు ఆవిడ మెళ్ళోనే ఉండిపోయింది. ఇద్దరిలో ఒక్కళ్ళకి ఆ సంగతి గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు నిండా జనం. పేటకి పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు. గీతలమ్మ కర్ర పట్టుకుని అట్టబొమ్మల పేట చుట్టూ తిరుగుతూ చెబుతోంది. వాననీళ్ళ తొట్టి చెప్పింది, ఎండ కరెంటు చెప్పింది. ఇరవై రెండో కొట్టు దగ్గరికొచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్న బొమ్మని కర్రతో చూపిస్తుండగా ఫోన్ మోగింది. నాలుగూ ఇరవై ఐదు. బడి నుంచి.

"చిట్టి కోసం ఎవరూ రాలేదండీ."

అక్కకి ఫోన్ చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. పెద్దసారుకి ఏదో ఒకటి గొణిగి, కర్ర ఎవరి చేతిలోనో పెట్టి, రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆటో దిగేసరికి ఎడమకాలి చెప్పు కుట్టు పూర్తిగా ఊడింది. దాన్ని చేత్తో పట్టుకుని బడి గేటు దాకా వచ్చింది. ఊచల అవతల, మెట్టు మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని చిట్టి ఒక్కతే కూర్చుంది. లేచి నిలబడి "అమ్మా" అంది.

గేటు కాపలా మనిషి పుస్తకం తెరిచాడు. "కార్డు?"

"కార్డు మా అక్క దగ్గరుంది. నేను పిల్ల తల్లిని."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకంలోంచి ఒక ఉత్తరం బయటికి తీశాడు. "ఎవరైనా వచ్చి తల్లినని చెప్పినా సరే ఇవ్వద్దని రాసుందమ్మా ఇందులో. కింద రెండు గీతలు కూడా ఉన్నాయి."

"అది నేనే రాశాను!"

"అయితే మీకే తెలియాలిగా."

"పిల్ల అమ్మా అంది, విన్లేదా మీరు?"

"విన్నానమ్మా. కాని మిమ్మల్ని నేనెప్పుడూ చూళ్ళేదు. నేనీ గేటుకొచ్చి రెండు నెలలు, రోజూ వచ్చేది ఆవిడే. రేపు ఏదైనా అయితే నా ఉద్యోగం పోతుంది. పెద్ద టీచరు గారు మీకు ఫోన్ చేసి మీటింగుకి వెళ్ళారు, ఆరు దాటాక వస్తారు." ఆయన ఒక్క క్షణం జాలిపడ్డాడు. "పోనీ ఒక పని చెయ్యండి. ఆవిడకి ఫోన్ చేసి నాకు వినిపించండి. ఆవిడ గొంతు నాకు తెలుసు, నా చొక్కా గుండీ గురించి రోజూ చీవాట్లు పెడుతుంది. ఈవిడ తల్లేనని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, పంపించేస్తాను."

ఆయన తెరిచి పట్టుకున్న పుస్తకంలో వరసగా అక్క సంతకాలున్నాయి. పక్క గడిలో పిల్లకి ఏమవుతారు అన్న చోట రోజూ ఒకటే మాట. పెద్దమ్మ, పెద్దమ్మ, పెద్దమ్మ. నిన్నటి తేదీ దగ్గర సంతకం ఉంది, టైము ఉంది. పక్క గడిలో ఏమీ లేదు.

గీతలమ్మ ఫోన్ చేసి, ఆయనకి వినపడేలా స్పీకరు పెట్టింది. ఈసారి మూడో మోతకే తీసింది అక్క. వెనకాల మిషను గడగడా తిరుగుతోంది, గిరాకీలెవరో మాట్లాడుతున్నారు. నాలుగు దాటి ముక్కాలు గంటయింది, కొట్టు తెరిచే ఉంది. ఇవాళ గడిలో టిక్కు పెట్టేవాళ్ళే లేరు.

"అక్కా, బడి దగ్గరున్నాను. నేను చిట్టి తల్లినని ఈయనకి చెప్పు. ఒక్క మాట చాలు."

మిషను ఆగలేదు.

"నేను నిద్రపోతున్నాను మేడమ్" అంది అక్క. ఫోన్ పెట్టేసింది.

కాపలా మనిషి పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. గీతలమ్మ తెగిన చెప్పు పట్టుకుని ఊచల దగ్గర నిలబడింది. చిట్టి గేటు దాకా వచ్చింది. తల్లి నడుం పక్క నుంచి తొంగి, రోడ్డు చివరికి చూసింది.

"పెద్దమ్మ ఇంకా రాలేదేం?" అంది.